పాత రైల్వే పోస్టర్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడ చెప్పేది ముఖ్యంగా బ్రిటన్ రైల్వే కంపెనీలు 1900 నుంచి 1960 దాకా వేయించిన పోస్టర్ల గురించి. మధ్యలో ఫ్రాన్సు, మన దేశం కూడా వస్తాయి. ఒక్క మాట ముందే చెప్పేస్తాను. ఏ రైల్వే పోస్టర్ చూసినా బొమ్మ చూసి ఊరుకోకండి, కింద అంచున చిన్న అక్షరాల్లో ఉండే లైను కూడా చదవండి. డబ్బు ఎవరు పెట్టారో, ఎవరిని రమ్మన్నారో, ఎంతకి రమ్మన్నారో చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

రైల్వే పోస్టర్ అంటే స్టేషన్లో అంటించే నోటీసు కూడా లెక్కేనా?

మొదట్లో ఉన్నవి అవే. 19వ శతాబ్దంలో స్టేషన్ గోడల మీద కనిపించినవి చాలావరకు అక్షరాలే. ఫలానా రోజు స్పెషల్ రైలు, ఇంత చార్జీ, ఇన్ని స్టేషన్లలో ఆగుతుంది అంటూ, మన శుభలేఖల్లో చుట్టాల పేర్లన్నీ ఇరికించినట్టు ఉన్న జాగా అంతా నింపేసేవాళ్ళు. ప్యారిస్‌లో జూల్ షెరే అనే చిత్రకారుడు 1860ల నుంచి రంగుల లితో (రాతి అచ్చు) పోస్టర్లు వెయ్యడం మొదలుపెట్టాక యూరప్ అంతటా గోడల రూపే మారిపోయింది. ఒక పెద్ద బొమ్మ, నాలుగు మాటలు చాలు అని రైల్వేలకు అర్థం కావడానికి మాత్రం ఇంకా చాలా ఏళ్ళు పట్టింది.

ఒక్క పోస్టర్‌తో మొదలుపెట్టమంటే ఏది చూడాలి?

1908లో జాన్ హాసల్ వేసిన స్కెగ్నెస్ పోస్టర్. ఇంగ్లండ్ తూర్పు తీరంలో ఉన్న చిన్న ఊరు స్కెగ్నెస్. బొమ్మలో బొద్దుగా ఉన్న జాలరి ఒకాయన, మోకాళ్ళ దాకా బూట్లు, ఉన్ని స్వెట్టర్, నోట్లో పైపు, రెండు చేతులూ చాచి తడి ఇసుక మీద చిన్నపిల్లాడిలా గంతులేస్తున్నాడు. అంత బరువైన మనిషి కాళ్ళు నేలకు ఆనకుండా ఉన్నాయి. పోస్టర్ బలమంతా అందులోనే ఉంది. పక్కన ఉన్న మాటను తెలుగులో చెప్పుకుంటే, స్కెగ్నెస్ గాలి తగిలితే ఎంత హుషారో అని. అక్కడ నార్త్ సీ మీద నుంచి వచ్చే గాలి చలికి వణికిస్తుంది, ఆ మాట దాచడం కుదరదు, అందుకని ఆ చలిగాలినే ఒంటికి మంచిది అని అమ్మారు.

ఇప్పుడు అక్షరాలు చదవండి. ఈస్టర్ సెలవుల్లో గుడ్ ఫ్రైడే నాడు లండన్ కింగ్స్ క్రాస్ నుంచి స్కెగ్నెస్‌కు స్పెషల్ రైలు, చార్జీ 3 షిల్లింగులు. గ్రేట్ నార్తర్న్ రైల్వే హాసల్‌కు ఇచ్చింది 12 గినియాలు. గినియా అంటే 21 షిల్లింగులు కాబట్టి మొత్తం 252 షిల్లింగులు, అంటే 84 మంది టికెట్ డబ్బు. ఒక్క రైలుకి అదనంగా 84 మంది వచ్చినా బొమ్మ ఖర్చు తిరిగి వచ్చేసినట్టే. ఆ జాలరి మాత్రం నూరేళ్ళు దాటినా ఆ ఊరి గుర్తుగా ఇప్పటికీ ఉన్నాడు. హాసల్ ఆ ఊరికి మొదటిసారి వెళ్ళింది 1936లో, అంటే ఊరు చూడకుండానే ఊరి ముఖం గీశాడు.

ఇవి చేత్తో వేసినవా, అచ్చు వేసినవా?

రెండూ. ఆర్టిస్టు రంగులతో బొమ్మ వేసి ఇస్తే దాన్ని లితో ప్రెస్సులో అచ్చు వేసేవాళ్ళు. లితో పద్ధతిని 1790ల చివర్లో బవేరియాలో అలోయిస్ సెనెఫెల్డర్ కనిపెట్టాడు. నునుపైన సున్నపురాయి మీద జిడ్డు ఉన్న సిరాతో గీస్తారు, తర్వాత రాయి తడుపుతారు, తడి ఉన్నచోట సిరా అంటదు, జిడ్డు ఉన్నచోట అంటుతుంది. నూనె, నీళ్ళు కలవవన్న ఒక్క సంగతి మీద నడిచే పని ఇది. రంగుకొక రాయి కావాలి, తర్వాత రోజుల్లో రాయి బదులు జింకు ప్లేటు వచ్చింది. ఎనిమిది రంగులుంటే అదే కాగితం ఎనిమిది సార్లు ప్రెస్సులోకి వెళ్ళాలి, ప్రతిసారీ వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చోవాలి. ఆఫ్‌సెట్ రాకముందు మన సినిమా వాల్‌పోస్టర్లు కూడా ఇలాగే వచ్చేవి.

ఇందులో నాకు బాధ కలిగించే విషయం ఒకటుంది. ఆర్టిస్టు వేసిన బొమ్మను రంగులుగా విడదీసి, ఒక్కో రాయి మీద మళ్ళీ చేత్తో గీసినవాళ్ళు ప్రెస్సు పనివాళ్ళు. మనం ఇవాళ చూసి మురిసిపోయే ఆ ఆకాశం నీలం, ఆ నీడ అంచు సగం వాళ్ళ చేతి పనే. బొమ్మ మూల ఆర్టిస్టు సంతకం ఉంటుంది, కింద ప్రెస్సు పేరు ఉంటుంది, వాళ్ళ పేరు మాత్రం ఎక్కడా ఉండదు.

రైల్వే కంపెనీలు బొమ్మల మీద అంత డబ్బు ఎందుకు పెట్టాయి?

పోటీ. 1923 జనవరి 1న బ్రిటన్‌లోని వందకు పైగా రైల్వే కంపెనీలను నాలుగు పెద్ద కంపెనీలుగా కలిపేశారు. లండన్ నుంచి స్కాట్లండ్ వెళ్ళాలంటే తూర్పు వైపు కింగ్స్ క్రాస్ నుంచి లండన్ అండ్ నార్త్ ఈస్టర్న్ రైల్వే, పొట్టిగా ఎల్‌ఎన్ఈఆర్. పడమర వైపు యూస్టన్ నుంచి లండన్ మిడ్లాండ్ అండ్ స్కాటిష్ రైల్వే, అంటే ఎల్ఎమ్ఎస్. మిగిలిన రెండు గ్రేట్ వెస్టర్న్, సదరన్. ఎడిన్‌బరోకి ఇటూ వెళ్ళొచ్చు, అటూ వెళ్ళొచ్చు అన్నప్పుడు మనిషిని తన వైపు తిప్పుకోవాలంటే మనసులో ఒక బొమ్మ నిలవాలి. పైగా అప్పటికే బస్సులు, కార్లు ప్రయాణికుల్ని లాక్కుంటున్నాయి.

ఇంకో సంగతి, ఖర్చంతా రైల్వే పెట్టేది కాదు. సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్ళ మున్సిపాలిటీలు చాలా పోస్టర్లకు సగం భరించేవి. గైడు పుస్తకం కావాలంటే ఫలానా ఊరి టౌన్ క్లర్కుకు రాయండి అని కింద కనిపిస్తే అది ఊరూ, రైల్వే కలిసి వేయించుకున్నది అని అనుకోవచ్చు.

ఏ ఆర్టిస్టుల పేర్లు గుర్తుపెట్టుకోవాలి?

ఎల్‌ఎన్ఈఆర్ వైపు టామ్ పర్విస్, ఫ్రాంక్ న్యూబోల్డ్, ఫ్రెడ్ టేలర్, ఆస్టిన్ కూపర్, ఫ్రాంక్ మేసన్. ఈ ఐదుగురినీ ఆ కంపెనీ పబ్లిసిటీ అధికారి విలియం టీస్‌డేల్ ఒప్పందం మీద కట్టిపడేశాడు. ఎల్ఎమ్ఎస్ దారి వేరు. నార్మన్ విల్కిన్సన్ సలహాతో 1924లో రాయల్ అకాడమీ సభ్యులైన పెద్ద చిత్రకారులచేత బొమ్మలు వేయించింది. ఈ విల్కిన్సనే మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడలకు చారలు పూసి జలాంతర్గాముల్ని తికమకపెట్టే ఉపాయం చెప్పిన మనిషి.

నేనైతే పర్విస్ వైపే. ఎల్ఎమ్ఎస్ పోస్టర్లు చాలావరకు ఆయిల్ పెయింటింగులే, దగ్గర నిలబడి చూస్తే గొప్పగా ఉంటాయి, అవతలి ప్లాట్‌ఫారం నుంచి చూస్తే ముదురు రంగు ముద్దలా కనిపిస్తాయి. పర్విస్ దూరం నుంచి చూసేవాడి కోసం వేశాడు. గీతలు తీసేశాడు, నీడలు తగ్గించాడు, ముఖాల్లో కళ్ళూ ముక్కూ కూడా చాలాచోట్ల వదిలేశాడు. పసుపు పక్కన నీలం పెడితే చాలు, అది ఇసుక, ఇది సముద్రం. 1931లో ఆయన తూర్పు తీరం మీద వేసిన ఆరు పోస్టర్లు విడివిడిగా ఆరు బొమ్మలు, వరసగా అంటిస్తే ఒకే పొడవాటి తీరం. స్టేషన్ గోడ పొడుగ్గా ఉంటుందని గుర్తుపెట్టుకుని వేసిన పని అది, గ్యాలరీలో విడిగా ఫ్రేము కట్టి చూస్తే ఆ తెలివి సగమే తెలుస్తుంది.

అక్షరాల సంగతి కూడా. ఎరిక్ గిల్ రూపొందించిన గిల్ సాన్స్ టైపును ఎల్‌ఎన్ఈఆర్ 1929లో తీసుకుని పోస్టర్ల నుంచి టైమ్‌టేబుళ్ళ దాకా అదే వాడింది. కంపెనీకంతటికీ ఒకే అక్షరం అనే ఆలోచన అప్పటికి కొత్తది.

ఫ్రాన్సు పోస్టర్లు ఇంకా బాగుంటాయంటారు, నిజమేనా?

కసాండ్ర వేసినవి చూస్తే ఒప్పుకోవాల్సిందే. అసలు పేరు అడాల్ఫ్ మూరోన్, పుట్టింది 1901లో ఖార్కివ్‌లో. 1927లో నార్డ్ ఎక్స్‌ప్రెస్ అనే రైలుకి వేసిన పోస్టర్లో మన కన్ను పట్టాల దగ్గర, నేల మట్టానికి ఉంటుంది. ఇంజను పైన కొండలా, తీగలన్నీ కింద ఒక మూలకు పరుగెడుతూ. అదే ఏడాది వేసిన ఎత్వాల్ దు నోర్ పోస్టర్లో రైలే లేదు. పట్టాలు, దిగంతం, అక్కడొక నక్షత్రం, అంతే. రైలు కంపెనీ డబ్బు పెట్టి రైలు లేని బొమ్మ వేయించుకుంది, ఆ ధైర్యానికి దండం పెట్టాలి.

నార్డ్ ఎక్స్‌ప్రెస్ పోస్టర్ కింది భాగంలో ఊళ్ళ పేర్లు ఉంటాయి: లండన్, పారిస్, బెర్లిన్, వార్సా, రీగా. పన్నెండేళ్ళు తిరిగేసరికి 1939లో ఆ ఊళ్ళ మధ్యే యుద్ధం మొదలైంది. ఆ పేర్లన్నీ ఒకే టికెట్ మీద ఉండడం ఒకప్పుడు మామూలు విషయమని ఆ వరస చూస్తేనే నమ్మకం కుదురుతుంది.

బొమ్మ బాగుంది సరే, ఇందులో సామాజిక చరిత్ర ఎక్కడుంది?

ముందు తీరం మీద జనాన్ని లెక్కపెట్టండి. బ్లాక్‌పూల్ లాంటి సందడి ఊళ్ళ పోస్టర్లు వదిలేస్తే, చాలా బొమ్మల్లో ఇసుక మీద నలుగురైదుగురికి మించరు. అందరూ సన్నగా, తీరిగ్గా, మంచి బట్టల్లో. నిజంగా ఆగస్టు సెలవుల్లో ఆ ఊళ్ళలో కాలు పెట్టే చోటు ఉండేది కాదు. లాంకషైర్ మిల్లుల ఊళ్ళలో ఏడాదికొకసారి మిల్లులన్నీ ఒకే వారం మూసేవాళ్ళు, ఆ వారం జీతం లేదు, సంవత్సరం పొడవునా చీటీల్లాంటి క్లబ్బుల్లో కట్టుకున్న డబ్బుతో ఊరంతా రైలెక్కి సముద్రానికి పోయేది. జీతంతో కూడిన సెలవుల చట్టం వచ్చింది 1938లో. అంటే మనం ఇవాళ బంగారు కాలం అనుకునే పోస్టర్లలో ఎక్కువ భాగం, చూసే కూలివాళ్ళలో చాలామందికి జీతం కోసుకుని తప్ప వెళ్ళే దారి లేని రోజుల్లో వచ్చినవి.

అలాగని అవి అబద్ధాలని కొట్టెయ్యను. ఆ మనుషులు ఏం కోరుకున్నారో చెప్పే సాక్ష్యం ఇంత సూటిగా ఇంకెక్కడా దొరకదు. పొగ గొట్టాల ఊళ్ళో పుట్టి పెరిగిన మనిషి, చలికాలం పొద్దున ప్లాట్‌ఫారం మీద నిలబడి, పర్విస్ పసుపు రంగు వైపు చూసిన ఆ రెండు నిమిషాలు కూడా చరిత్రే.

యుద్ధం రోజుల్లో ఏం చేశారు?

ఎక్కండి అన్నవాళ్ళే ఎక్కొద్దన్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో రైళ్ళు సైన్యానికి కావాలి కాబట్టి, మీ ప్రయాణం నిజంగా అవసరమా అని అడిగే పోస్టర్లు స్టేషన్లలో పెట్టారు. అంతకుముందు ముప్పై ఏళ్ళు నేర్పిన అలవాటును మాన్పించే పని అది.

దీని గురించి మాట్లాడేటప్పుడు హెలెన్ మెకీ పేరు తప్పకుండా చెప్పాలి. లండన్ వాటర్లూ స్టేషన్‌కు 1948లో నూరేళ్ళు నిండిన సందర్భంగా ఆమె రెండు బొమ్మలు వేసింది. ఒకటి యుద్ధకాలం, ఒకటి శాంతికాలం. స్టేషన్ అదే, చూసే చోటు అదే, వందలమంది జనం. రెండూ పక్కపక్కన పెట్టుకుని వేలితో పోల్చుకుంటూ పోతే తెలుస్తుంది, ఒకదాంట్లో మనిషి ఎక్కడ నిలబడ్డాడో రెండో దాంట్లో సరిగ్గా అక్కడే ఇంకో మనిషి, అదే భంగిమలో. యూనిఫారం పోయి మామూలు బట్టలు వచ్చాయి, అంతే. నేను మొదటిసారి చూసినప్పుడు ఒక గంటసేపు ఆ రెండింటి మధ్యే తిరిగాను.

మన దేశం మీద కూడా ఇలాంటి పోస్టర్లు వచ్చాయి కదా?

వచ్చాయి. ఇండియన్ స్టేట్ రైల్వేస్ పేరుతో 1930ల్లో వచ్చిన విజిట్ ఇండియా పోస్టర్లు ఇప్పుడు నెట్‌లో బాగా తిరుగుతున్నాయి. కోటలు, ఘాట్లు, గోపురాలు, రంగులు కళ్ళు చెదిరేలా ఉంటాయి. కళగా చూస్తే వాటిలో కొన్ని నిజంగా గొప్పవి.

మళ్ళీ కింది లైను చూడండి. భాష ఇంగ్లీషు. వివరాలకు సంప్రదించమని ఇచ్చిన చిరునామాల్లో లండన్, న్యూయార్క్ ఆఫీసులు కనిపిస్తాయి. బొమ్మలో ఉన్నది మనవాళ్ళు, పిలుపు మాత్రం మనకు కాదు.

అదే రైళ్ళలో మనవాళ్ళు ఎలా తిరిగారో తెలియాలంటే గాంధీజీ 1917లో థర్డ్ క్లాసు గురించి రాసింది చదవాలి. బొంబాయి నుంచి మద్రాసుకు మెయిల్లో వెళ్ళారు, టికెట్ 13 రూపాయల 9 అణాలు. పెట్టె మీద 22 మందికి అని రాసి ఉంది, అది కూడా కూర్చోవడానికే, పడుకునే వీలు లేదు. రెండు రాత్రుల ప్రయాణం. చాలా దూరం లోపల 35 మందికి తగ్గలేదు. రాయచూరు దగ్గర నుంచి తొక్కిసలాట భరించలేనంత అయిందని రాశారు. రాయచూరు తర్వాత ఆ లైను ఆదోని, గుంతకల్లు, కడప మీదుగానే మద్రాసు పోతుంది. అంటే ఆ పెట్టెలో ఎక్కడానికి తోసుకున్నవాళ్ళలో మన తాతముత్తాతలు కూడా ఉండి ఉంటారు. వాళ్ళను రమ్మని ఎవరూ రంగుల బొమ్మ వెయ్యలేదు, వాళ్ళు ఎలాగూ ఎక్కుతారని కంపెనీలకు తెలుసు. విజిట్ ఇండియా పోస్టర్ ఇంట్లో పెట్టుకునేవాళ్ళు ఈ రెండో సగం కూడా తెలిసి పెట్టుకోవాలని నా కోరిక.

నా దగ్గరున్నది ఒరిజినలా, రీప్రింటా? ఎలా తెలుస్తుంది?

మూడు పనులు చెయ్యండి. మొదట టేపుతో కొలవండి. బ్రిటన్ రైల్వే పోస్టర్లకు రెండు సైజులు బాగా వాడుక: అడ్డంగా ఉండేది 50 అంగుళాలు బై 40, నిలువుగా ఉండేది 25 బై 40. దీనికి చాలా తేడాగా, ముఖ్యంగా చిన్నగా ఉంటే అనుమానించాలి. రెండోది, భూతద్దం పెట్టి చూడండి. చేత్తో గీసిన లితో అయితే రంగు నిండుగా, చదునుగా ఉంటుంది, లేదా క్రేయాను గీసినట్టో, చిలకరించినట్టో ఒక క్రమం లేని గరుకు కనిపిస్తుంది. ఇప్పటి రీప్రింటులో ముగ్గు చుక్కల్లా వరసలుగా సన్నటి రంగు చుక్కలు కనిపిస్తాయి. ఫొటో ఆధారంగా వేసిన అప్పటి పోస్టర్లలో కూడా చుక్కలుంటాయి కాబట్టి దీన్ని ఒక్కదాన్నే పట్టుకుని తేల్చెయ్యకండి. మూడోది కింది అంచు. వాటర్లో, మెకార్కడేల్, బేనార్డ్ ప్రెస్ లాంటి ముద్రాపకుల పేరు చిన్నగా ఉండాలి. రీప్రింటుల్లో చాలాసార్లు అది చెరిగిపోయినట్టు ఉంటుంది, లేదా ఫ్రేము కోసం ఆ అంచే కోసేస్తారు.

ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నదే. ఒక ఆదివారం సంతలో 1930ల నాటిదని చెప్తే నమ్మి, నెల ఖర్చుల్లో మిగిల్చిన డబ్బుతో ఒక సముద్ర తీరం పోస్టర్ కొన్నాను. ఇంటికొచ్చి ఫ్రేములోంచి తీసి భూతద్దం పెడితే ఆకాశం నిండా చుక్కలు. మళ్ళీ వారం వెళ్తే ఆ అమ్మినాయన అక్కడ లేడు. ఆ రోజు నుంచి ఫ్రేము విప్పి చూపించనంటే నేను కొనను, మీరూ కొనకండి.

ఒరిజినల్స్ ఎందుకంత తక్కువ దొరుకుతాయి, అంత రేటు ఎందుకు?

గోడకు అంటించింది బతకదు. మన ఊళ్ళో మైదా జిగురుతో అంటించిన సినిమా పోస్టర్ మీద మళ్ళీ శుక్రవారం ఇంకోటి పడ్డట్టే, అక్కడా పడేవి. మిగిలినవి ఎక్కువగా అంటించకుండా స్టోర్లలో ఉండిపోయినవి, అప్పట్లో రైల్వేలే జనానికి అమ్మినవి. రేటు ఆర్టిస్టును బట్టి, ఊరిని బట్టి, మడతలూ చిరుగులూ బట్టి మారుతుంది. గుడ్డ మీద అతికించి నిలబెట్టినవి చూసి కంగారుపడకండి, అది కాగితాన్ని కాపాడే మామూలు పద్ధతే.

ఇంట్లో పెట్టుకోవడానికి ప్రింటు తీసుకోవచ్చా?

కాపీరైట్ ఆర్టిస్టు చనిపోయిన ఏడాదిని బట్టి ఉంటుంది. బ్రిటన్‌లో చనిపోయాక 70 ఏళ్ళు, మన దేశంలో 60. హాసల్ 1948లో పోయాడు కాబట్టి ఆ గడువు దాటింది. కసాండ్ర 1968లో పోయాడు, యూరప్‌లో ఇంకా ఉంది. అమ్మకానికి వేసే ఆలోచన ఉంటే మాత్రం ఒక్కో పోస్టర్ గురించి విడిగా కనుక్కోవాలి. మ్యూజియం వాళ్ళ షాపులో మంచి రీప్రింటులు దొరుకుతాయి, రీప్రింటు అని చెప్పి అమ్మేదాన్ని కొనడంలో తప్పేమీ లేదు.

ఎక్కడ చూడొచ్చు?

ఇంగ్లండ్‌లో ఉన్న మనవాళ్ళు యార్క్ నేషనల్ రైల్వే మ్యూజియానికి వెళ్ళండి, ప్రవేశం ఉచితం. వాళ్ళ దగ్గర పది వేలకు పైగా పోస్టర్లున్నాయి. వెలుతురుకి కాగితం రంగు పోతుంది కాబట్టి అన్నీ బయట పెట్టరు. మిగిలినవాళ్ళం సైన్స్ మ్యూజియం గ్రూప్ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు, యార్క్ మ్యూజియం కూడా ఆ గ్రూపుదే. బొమ్మను పెద్దది చేసుకుని అంచుల దాకా చూడండి.

ఇలాంటి పోస్టర్లు ఎప్పుడు, ఎందుకు ఆగిపోయాయి?

1948 జనవరి 1న నాలుగు కంపెనీలూ ప్రభుత్వపరమయ్యాయి. వెంటనే ఆగలేదు, 1950ల్లో టెరెన్స్ క్యూనియో లాంటివాళ్ళు గొప్పవి వేశారు. కానీ ఒకరితో ఒకరికి పోటీ పోయింది, టీవీ వచ్చింది, చేతి బొమ్మ స్థానంలో ఫొటో వచ్చింది, జనం కార్లు కొన్నారు. 1963లో అప్పటి బ్రిటిష్ రైల్వే చైర్మన్ రిచర్డ్ బీచింగ్ ఇచ్చిన నివేదిక రెండు వేలకు పైగా స్టేషన్లు మూసెయ్యమంది, తర్వాతి ఏళ్ళలో సముద్రం ఒడ్డు లైన్లు చాలా పోయాయి.

స్కాట్లండ్‌లో గోల్ఫ్‌కు పేరు మోసిన సెయింట్ ఆండ్రూస్ ఊరికి ఎల్‌ఎన్ఈఆర్ కోసం హెచ్.జి. గాథోర్న్ 1920ల్లో వేసిన పోస్టర్ ఉంది. పచ్చటి మైదానం, ఆటగాళ్ళు, వెనకాల ఊరి భవనాలు. రైలెక్కి సెయింట్ ఆండ్రూస్‌లో దిగండి అని చెప్పడానికే దాన్ని వేయించారు. ఆ ఊరి స్టేషన్‌ను 1969 జనవరిలో మూసేశారు, మళ్ళీ తెరవలేదు. ఇప్పుడు ఆ పోస్టర్ చూసి వెళ్ళాలనిపిస్తే దగ్గర్లోని ల్యూకర్స్ స్టేషన్లో దిగి బస్సు పట్టుకోవాలి.